సిన్నమ్మి 9.20, 14.05, 17.30

మా మేనకోడలు హైమ కిందటి నెల ఒక ఆదివారం విజయనగరం వచ్చి, చేతిసంచీలోంచి పాత క్యాసెట్టు ఒకటి తీసి నా ముందు బల్ల మీద పెట్టింది. వాళ్లమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల మధ్య దొరికిందట. వాళ్లమ్మ అంటే మా అప్పలనర్సమ్మ అప్ప. మా వైపు అక్కని అప్ప అనే అంటాం. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ పెట్టె తెరవడానికి హైమకి ఇప్పటిదాకా చేతులు రాలేదు. "నానకి సూపించలేదు మావయ్యా. ఇంట్లో టేపురికార్డరు మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు కదా. ఇదేటో మీకేమైనా తెలుసా?" అంది. నాకు తెలుసు. తెలియదన్నాను. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పిల్లలకి నిజం చెప్పమని చెప్పి రిటైరైన మనిషిని. అయినా ఎవరైనా తిన్నగా అడిగితే నా నోటికి ముందు వచ్చేది ఆ మాటే.

క్యాసెట్టు డబ్బాలో గళ్ల అట్టముక్క ఉంది. పైన ఇంగ్లీషులో ఏటవాలు అక్షరాలతో ఒక పేరు. అది ఏదో విదేశీ బృందం పేరూ వాళ్ల ఆల్బమ్ పేరూ అని హైమ ఫోనులో వెతికి చెప్పింది. ప్రోగ్రెసివ్ రాక్ అంటారట, ఆ రకంలో ఇది చాలా పేరున్నదట. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు ఆ సంగీతం గొప్పదా కాదా అని వాదనలో పడి నా సంగతి వదిలేస్తారు. అలా తప్పించుకోవడం నాకు బాగా అలవాటు. పేరు కింద పెన్సిలుతో మా బావ తెలుగు రాత మూడు వరసలు. ముసలోడు 3.40, 12.15. సిన్నమ్మి 9.20, 14.05, 17.30. బండి 19.00. చివరి వరస పక్కన ఇంకేదో మాట మసకగా ఉంది, నా కంటికి ఆనలేదు. ఆ మూడు వరసలూ నాకు చూడకుండానే వచ్చు. నలభై ఏళ్లకు పైగా వాటిని మరిచిపోవాలని చూస్తున్నాను.

అప్పుడు నేను విజయనగరంలో బి.ఏ. చదువుతూ, కొత్తవలసలో అప్ప ఇంట్లో ఉండేవాణ్ని. మా సొంతూరు కోటబొమ్మాళి దగ్గర. రోజూ అక్కణ్నించి తిరగడం కుదరదని నాన్న నన్ను అప్ప దగ్గర పెట్టాడు. బావ సూర్నారాయణ అక్కడ అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. రైల్వే క్వార్టర్సులో రెండు గదులూ ఒక వంటిల్లూ. కిరండూలు నించి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సులు పక్కనే పోయేవి. వాటి ఎర్రదుమ్ము ఆరేసిన బట్టల మీదా, ఎండబెట్టిన నెత్తళ్ల చేపల మీదా, నా పుస్తకాల మీదా పలచగా పరుచుకునేది. అప్ప రోజుకి మూడుసార్లు ఊడ్చేది. ఊడ్చిన చోట మళ్లీ వేలితో గీసి, "సూడరా, మీ బావ జీతం ఎంతో తెలీదు గాని, మట్టి మటుకు రోజూ ఇంటికి పంపుతన్నాడు" అనేది.

ఉదయం డ్యూటీ ఉన్న వారాల్లో బావ రెండు గంటలకి దిగి వచ్చేవాడు. నా కాలేజీ పొద్దుటిపూటే గనక నేనూ అప్పటికి ఇంట్లో ఉండేవాణ్ని. కాళ్లు కడుక్కుని, తెల్ల ప్యాంటు కొక్కేనికి తగిలించి, లుంగీ కట్టుకుని, ముందు గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు. దుమ్ము పడుతుందని అనేవాడు. అప్పుడే అప్ప మరుగుతున్న ఎసట్లో బియ్యం పోసేది. అన్నం ఉడికేదాకా లోపల టేపురికార్డరు మోగేది. ఆవ పెట్టిన కూర ఘాటు, బొగ్గుల పొగ, ఉడుకుతున్న బియ్యం వాసన, తలుపు సందులోంచి ఆ వింత చప్పుడు, ఇవన్నీ కలిసి ఇప్పటికీ నాకు మధ్యాహ్నం అంటే అదే. పాట అవ్వగానే బావ తలుపు తీసుకుని వచ్చి పీట మీద కూర్చునేవాడు. ముఖం కడుక్కున్నట్టు తేటగా ఉండేది. ఆ తేటదనమే నాకు అనుమానం.

క్యాసెట్టు వాల్తేరులో రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు తన రికార్డు నించి ఎక్కించి ఇచ్చినదని బావ చెప్పాడు. మొదటి సైడు మొత్తం ఒకటే పాట, ఇరవై రెండు నిమిషాలు. ఇరవై రెండు నిమిషాల పాట ఏమిటి, ఇందులో ఏదో మోసముంది అనుకున్నాను. అప్పుడు నాకు తెలిసిన పాటలు రేడియోలో ఒక ప్రకటనకీ ఇంకో ప్రకటనకీ మధ్య ముగిసిపోయేవి. ఒకరోజు బావ నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. నీళ్లు పారుతున్నట్టూ గాలి వీస్తున్నట్టూ చాలాసేపు చప్పుడు వచ్చింది, పాట రాలేదు. టేపు పాడైంది బావా అన్నాను. ఉండరా వస్తాది అన్నాడు. తర్వాత ఏవేవో వాయిద్యాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నట్టు వాయించాయి. మధ్యలో ఎవడో ఒకడు పాడాడు. నువ్వు ఇంగ్లీషు సదువుతన్నావు కదా, ఏటంటన్నాడో సెప్పు అని బావ అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దేవుణ్ని వెతుక్కుంటున్నాడు బావా అని చెప్పేశాను. బావ నమ్మాడు. మర్నాడు అన్నం తింటూ, "మరి దొరికినాడా?" అని నిజంగానే అడిగాడు. అప్ప పక్కకి తిరిగి నవ్వింది. నా అబద్ధం అప్పకి అప్పుడే తెలిసిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు నించి ఆ పాటంటే నాకు పడలేదు. రోజూ నన్ను బయటపెట్టడానికే మోగుతున్నట్టుండేది.

ఒక సెలవురోజు ఉదయం బావ డ్యూటీలో ఉండగా డబ్బా తెరిచి అట్ట చూశాను. సిన్నమ్మి అన్న పేరు దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మా వైపు ఇంటికొక సిన్నమ్మి ఉంటుంది. ఆ క్వార్టర్సుల చుట్టుపక్కలే నాకు నలుగురు తెలుసు. పేరు పక్కన అంకెలు చూసేసరికి ఇక నాకు వేరే ఆలోచన రాలేదు. రైల్వే మనిషి సాయంత్రం అయిదున్నర అని రాయడు, 17.30 అని రాస్తాడు. 14.05 అంటే డ్యూటీ దిగిన అయిదు నిమిషాలకి. 9.20కి స్టేషన్లోనే ఉంటాడు. 19.00కి బండి, అంటే ఆవిడ తిరిగి వెళ్లే బండి. ముసలోడు ఎవడో, వేకువన 3.40కి వాడి పనేమిటో కొంచెం తికమక పెట్టింది. ఆవిడ తండ్రి కాబోలు, కాపలా కాసే వేళలు కాబోలు అని సరిపెట్టుకున్నాను. సరిపడనిదాన్ని పక్కన పెట్టి సరిపడినదాన్ని నమ్మడం ఎంత సుఖంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. వారం రోజులు కాలేజీ ఎగ్గొట్టి ఆ వేళలకి ప్లాట్‌ఫారం చివర కాపు కాశాను. జంక్షను గనక ఏ వేళకైనా ఏదో ఒక బండి ఉండేది, ఎవరో ఒకరు దిగేవారు. బావ ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ కనబడకపోవడం కూడా నాకు రుజువే అయింది. అంత జాగ్రత్తగా ఉన్నాడంటే విషయం పెద్దదే అనుకున్నాను.

నాన్నకి ఉత్తరం రాశాను. సిన్నమ్మి వరసా బండి వరసా ఎత్తి రాశాను. ముసలోణ్ని వదిలేశాను. అప్ప మీద ప్రేమతో రాస్తున్నానని అందులో రాశాను. అది పూర్తిగా అబద్ధం కాదు, అదే దానిలోని విషం. బావ మీద నాకు అసూయ. నా కంటే తక్కువ చదివినవాడు, నాకు అర్థం కానిదాన్ని విని సంతోషపడుతున్నాడు. అది భరించలేకపోయాను.

నాన్న మూడో రోజు పాసింజరులో దిగాడు. పంచె మీద ఇంకా నాట్ల బురద మరకలున్నాయి. ఆ వారం బావది మధ్యాహ్నం డ్యూటీ, ఇంట్లోనే ఉన్నాడు. నాన్న నీళ్లయినా తాగకుండా ఉత్తరం తీసి ముందు పెట్టాడు. బావ చదివి మొదట నవ్వాడు. నవ్వకుండా ఉంటే కొంత నయంగా ఉండేదేమో.

"సిన్నమ్మి అంటే పిల్లనగ్రోవి మావా. పాటలో వస్తాది. వాటి పేర్లేటో నాకు తెలవక మనుషుల పేర్లు ఎట్టుకున్నాను."

"పిల్లనగ్రోవికి బండి టైమేటి?" అన్నాడు నాన్న.

"బండి టైములు కావు. నిమిషాలు, సెకండ్లు. పాట మొదలెట్టిన కాణ్నించి తొమ్మిది నిమిషాల ఇరవై సెకండ్లకి వస్తాది."

"సెకండ్లా? నీకు పెళ్లాం పేరు రాయడానికి కాగితం దొరకలేదు గాని, గొట్టాంకి పేరెట్టి సెకండ్లు రాసినావా?"

మా నాన్న లెక్కలో వేళలంటే పొద్దు పొడుపు, అంబలి వేళ, పశువులు ఇంటికొచ్చే వేళ. సెకండ్లు ఆయనకి అబద్ధంలాగే వినిపించాయి. బావ వాదించలేదు. డ్యూటీకి వేళవుతోంది. గోడ కొక్కేనికున్న చేతిగడియారం తీసి నాన్న ముందు పెట్టాడు. "ఇదుగో మావా. పాటెట్టి మీరే ఇనండి. ఆ టైంకి అది వస్తే నాను సెప్పింది నిజం. రాకపోతే మీ అమ్మాయిని తీసుకెళ్లిపోండి. ఇంతకి మించి నాను సెప్పేది లేదు" అని, నా వైపు తిరిగి, పెట్టరా అని చెప్పి వెళ్లిపోయాడు. నా మీద అంత నమ్మకం ఉంచాడు. ఉత్తరం రాసింది నేనేనని తెలిసిన తర్వాత కూడా.

నాన్నకి చూపించడానికి క్యాసెట్టు బయటికి తీసి, మళ్లీ పెట్టి, బటన్ నొక్కాను. నాన్న గోడకి జారబడి గడియారం అరచేతిలో పట్టుకున్నాడు. అప్ప వంటింట్లో ఉంది. నీళ్ల చప్పుడు రాలేదు. ఎవడో తిన్నగా పాడడం మొదలెట్టాడు. రెండో సైడు పెట్టేశానని ఒక్క నిమిషంలో నాకు అర్థమైంది. నేను రోజూ తలుపు సందులోంచి విన్నది అది కాదు. తిప్పి పెడదామని చెయ్యి కదిలింది. అంతవరకూ అది పొరపాటు. చెయ్యి వెనక్కి తీసుకున్న క్షణం నించి అది నా పాపం. ఎందుకు తీసుకున్నానో కూడా నాకు బాగా తెలుసు. తిప్పి పెడితే తొమ్మిది నిమిషాల ఇరవై సెకండ్లకి సిన్నమ్మి నిజంగానే వచ్చేస్తుందేమోనని భయం వేసింది. వారం పాటు ప్లాట్‌ఫారం మీద ఆవిడ రావాలని చూశాను. ఇప్పుడు రాకూడదని కూర్చున్నాను.

నాన్న చాలా శ్రద్ధగా విన్నాడు. తప్పెటగుళ్లు తెల్లారేదాకా చూసే మనిషి, చెవి ఉన్నవాడు. ఒకచోట ఆయన వేళ్లు మోకాలి మీద తాళం వేశాయి. "ఈ డప్పు బాగున్నాది" అన్నాడు, అని, తను ఎందుకొచ్చాడో గుర్తొచ్చి వేళ్లు మడుచుకున్నాడు. తొమ్మిది ఇరవైకి ఎవడో అరుస్తున్నాడు. పద్నాలుగుకి ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. పిల్లనగ్రోవి ఎక్కడా రాలేదు. అప్పుడు అప్ప వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గరిటె ఉంది. టేపురికార్డరు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. మళ్లీ ఎత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. సిన్నమ్మి గురించి కుమిలిపోతోందని అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు వీలుగా ఉండింది.

సాయంత్రం బండికి నాన్న అప్పని తీసుకెళ్లిపోయాడు. మర్నాడు నేను చదువు సాకుతో హాస్టల్లో చేరాను. నూర్పులయ్యేదాకా అప్ప కోటబొమ్మాళిలోనే ఉంది. తర్వాత ఒక రోజు నాన్నతో చెప్పకుండా తనే బండెక్కి కొత్తవలసలో దిగింది. ఆ బండికి జెండా చూపిస్తున్నది బావే. జెండా దించకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడని స్టేషన్లో అందరూ చెప్పుకుని నవ్వారట. కాపురం నిలబడింది, హైమ పుట్టింది. కాని బావ టేపురికార్డరు ఎవరికో ఇచ్చేశాడు. ఆ ఇంట్లో మళ్లీ పాట మోగలేదు. నాన్న పోయేదాకా అల్లుడితో తిన్నగా మాట్లాడలేదు. పండక్కి వచ్చినా ఒకరు వీధరుగు మీద, ఒకరు పెరట్లో. నేను ఇద్దరి మధ్యా కూర్చుని అప్ప పెట్టిన అన్నం తిన్నాను, ఇన్నేళ్లూ.

హైమ క్యాసెట్టు నా దగ్గరే వదిలి, ఆ ఆల్బమ్‌ని నా ఫోనులో ఎక్కించి వెళ్లింది. రెండు రోజులు ముట్టుకోలేదు. మూడో రోజు భోజనమయ్యాక చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాను. దాని నించి నేనేమీ ఆశించలేదు. నిజం చెప్పాలంటే అది చెత్తగా ఉంటే బాగుండునని ఆశించాను. అంత గోల చేసిన పాట తీరా వింటే ఏమీ లేకపోతే, నా తప్పు కూడా కొంచెం చిన్నదవుతుందని లోపల ఒక లెక్క. మొదట్లో ఆ నీళ్ల చప్పుడు విని, ఇదంతా ఆడంబరం, గొప్పలు పోవడం అనుకున్నాను. ఫోను మీద అంకెలు నడుస్తున్నాయి. మూడు నిమిషాల నలభై సెకండ్లకి ఒక లావుపాటి హార్మోనియంలాంటిది గొంతు సవరించుకుని మొదలైంది. అచ్చం పెద్దమనిషి దగ్గి, తుండుగుడ్డ భుజాన వేసుకుని మాట్లాడబోయినట్టు. నాకు తెలియకుండానే ముసలోడు అని పైకి అన్నాను. ఆ తర్వాత ఏదీ నా లెక్కకి లోబడలేదు. తొమ్మిది ఇరవైకి అన్ని చప్పుళ్లూ తప్పుకున్నాయి. పిల్లనగ్రోవి ఒక్కటే, పెద్దవాళ్లందరూ కూర్చున్న గదిలోకి చిన్నపిల్ల పరుగెత్తుకొచ్చినట్టు వచ్చింది, అంతలోనే పోయింది. పద్నాలుగు అయిదుకి ముసలోడితో కలిసి వచ్చింది. పదిహేడున్నరకి ఎక్కడో దూరాన. చెప్పిన వేళకి, సెకండు తేడా లేకుండా. పందొమ్మిదో నిమిషానికి డప్పులన్నీ ఒక్కసారి ఎత్తుకున్నాయి. లోడుతో వచ్చే గూడ్సు వంతెన మీదికి ఎక్కిన చప్పుడు. పాట బాగుంది. నలభై ఏళ్లు ఆలస్యంగా ఒప్పుకుంటున్నాను. తర్వాతి పాట మొదలవుతుంటే ఆపేశాను. ఆ సైడు వినే ధైర్యం లేదు.

అప్పుడు భూతద్దం తెచ్చి అట్టమీది ఆ మసక మాట చదివాను. బండి 19.00 పక్కన వంకర అక్షరాలతో, గంజి. అది అప్ప రాత. సంతకానికి మించి పెద్దగా రాయని మనిషి. కొత్తవలస వంటింట్లో గడియారం లేదు. లోపల ఆ డప్పుల హోరు మొదలవగానే అప్ప తపేలా దించి సిబ్బి మూసి గంజి వార్చేది. నేను రోజూ చూసేవాణ్ని, ఏ రోజూ ఆలోచించలేదు. తలుపు బయట కూర్చుని అనుమానించింది నేను. వంటింట్లో ఉండి విన్నది ఆవిడ. ఆ పాట ఆవిడకి అడుగడుగూ తెలుసు. అయితే గరిటెతో గుమ్మంలో నిలబడిన రోజున, మోగుతున్నది రెండో సైడని మొదటి చప్పుడుకే తెలిసి ఉంటుంది. నా వైపు ఆ చూపు సిన్నమ్మి గురించి కాదు.

రాత్రంతా ఆ చూపునే మోసి, మర్నాడు బండెక్కి చీపురుపల్లి వెళ్లాను. బావ రిటైరయ్యాక అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, హైమ కుటుంబం అతనితోనే ఉంటుంది. నేను వెళ్లేసరికి హైమా పిల్లలూ బడికి పోయారు. బావ వంటింట్లో ఎసట్లో బియ్యం పోస్తున్నాడు. కుక్కరు అన్నం అతనికి పడదు.

"ఏటిరా బామ్మర్దీ, సెప్పాపెట్టకుండా దిగిపోయినావు. ఎవులైనా పోయారా ఏటి?"

ఎవరూ పోలేదన్నాను. కూర్చున్నాం. ఏం చెప్పాలో వరసగా అనుకుని వచ్చినదంతా మరిచిపోయి, ఫోను తీసి బల్ల మీద పెట్టి పాట పెట్టేశాను. నీళ్ల చప్పుడు మొదలైంది. బావ లేచి వెళ్లిపోతాడనుకున్నాను. లేవలేదు. ఎక్కడిదని కూడా అడగలేదు. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి చూపుడువేలు పైకెత్తాడు. వేలు లేచిన తర్వాత ముసలోడు గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత, ఏ గడియారమూ చూడకుండా. సిన్నమ్మి వచ్చి వెళ్లిన తర్వాత అన్నాను.

"బావా, ఆ రోజు నాన్నకి నేను రెండో సైడు పెట్టాను."

"తెల్సు. డ్యూటీ దిగొచ్చి సూస్తే ఆ సైడే పైకున్నాది."

"తెలిసే ఉంచాను బావా. పొరపాటని ఒక్క నిమిషంలో తెలిసింది. తిప్పలేదు."

ముసలోడూ సిన్నమ్మీ కలిసి వచ్చి వెళ్లిపోయారు. అప్పుడు బావ నా వైపు చూడకుండా అన్నాడు. "మీ యప్ప తిరిగొచ్చినాక అడిగినాను. ఆడికి ఏ సైడో తెల్లేదు, నాకూ తెల్లేదు, కుర్రోణ్ని ఏటనకు అన్నాది. ఆ మాట మీదే ఇన్నాళ్లూ నిన్ను ఇంట్లోకి రానిచ్చినాను."

అట్ట నా చొక్కా జేబులో ఉంది. దాన్ని చూపిస్తే, ఆ మాట అప్ప తెలిసి ఆడిన అబద్ధమని అతనికి తెలుస్తుంది. చూపించకపోతే, ఆవిడ రోజూ అతనితో పాటు ఆ పాట విన్నదన్న సంగతి ఎప్పటికీ తెలియదు. మళ్లీ ఒక సైడు దాచాలా అని నన్ను నేనే అడిగాను. నా మీద నాకే అనుమానం. నిజం చెబుతున్నానా, నా బరువు ఇంకొకరి మీదికి నెడుతున్నానా? తీసి ఇచ్చాను. బావ కళ్లజోడు పెట్టుకుని, తన రాత చూసుకుని, చివరి మాట దగ్గర ఆగాడు. వేలితో దాన్ని తుడిచినట్టు తాకాడు, చెరుగుతుందేమోనని వెంటనే తీసేశాడు.

సరిగ్గా అప్పుడే డప్పులు ఎత్తుకున్నాయి.

"ఈ బండి వచ్చినప్పుడల్లా గంజి వాసనేసేదిరా. అది పాటలోనే ఉన్నాది కాబోలనుకునేవోణ్ని" అన్నాడు బావ. తర్వాత, "మరైతే ఆ రోజు..." అని, అక్కడే ఆగిపోయాడు.

ఆ రోజు అప్ప ఎందుకు చెప్పలేదో నాకు తోచిన కారణాలు నాలుగున్నాయి. తండ్రి చేతిలో తమ్ముడు దెబ్బలు తింటాడని కావచ్చు. మొగుడు నవ్వినందుకు కోపం కావచ్చు. సిన్నమ్మి పేరు ఆవిడనీ ఎక్కడో గుచ్చి ఉండొచ్చు. తమ్ముడు తనంతట తానే తిప్పి పెడతాడని చివరిదాకా చూసి ఉండొచ్చు. వాటిలో ఒక్కటీ నేను బావతో అనలేదు. ఊహని నిజంలా రాసి పంపించే పని ఒకసారి చేశాను, చాలు.

"అన్నం మెత్తబడిపోతాది. ఎల్లి వార్చు" అన్నాడు బావ.

వంటింట్లోకి వెళ్లాను. వాళ్లింట్లో అన్నేళ్లు తిన్నాను గాని గంజి వార్చడం అదే మొదలు. సిబ్బి గుడ్డతో అదిమి పట్టి తపేలా వంచితే ఆవిరి ముఖానికి కొట్టింది. బొటనవేలు కాలింది. ముందు గదిలో పాట ముగిసింది. ఇదివరకైతే అక్కడ టక్కుమని చప్పుడయ్యేది, క్యాసెట్టు తీసి తిప్పేవరకూ నిశ్శబ్దంగా ఉండేది. ఇప్పుడు పాటలకి సైడు లేదు. ఫోను దేన్నీ ఎవరి చేతికీ వదలదు, ఒకటయ్యాక రెండోది దానంతట అదే మొదలవుతుంది. ఈ రోజుల్లో పుట్టి ఉంటే ఆ తప్పు చేసే వీలే ఉండేది కాదని ఒక క్షణం అనిపించింది. వెంటనే, ఇంకోటేదో చేసి ఉండేవాణ్నని కూడా తెలిసింది. రెండో సైడు మొదటి పాటవాడు తిన్నగా పాడడం మొదలెట్టాడు. గంజి చేతులతోనే పరుగెత్తి వచ్చి ఆపబోయాను.

"ఉండనీ. ఆ సైడు నానెప్పుడూ సరిగా ఇన్లేదు. మీ నాన ఏటి ఇన్నాడో నానూ ఇంటాను."

కూర్చున్నాను. ఇద్దరం విన్నాం. కొంతసేపటికి ఆ డప్పు వచ్చింది, నాన్న వేళ్లు మోకాలి మీద ఆడిన చోటు. బావ ఫోను వైపు వంగి విన్నాడు.

"ఇక్కడ ఏటన్నాడు మీ నాన?"

"ఈ డప్పు బాగున్నాదన్నాడు బావా."

బావ తల ఊపాడు. అట్టముక్క తిరగేసి, బల్ల మీది పెన్సిలు తీసుకుని, ఫోను మీది అంకెలు చూసి, కొత్త వరస ఒకటి రాశాడు. మావ 6.15.